పదును దాటితే మోకాలు వంగదు

బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడను కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చున్నారు గానీ కుడి కాలు మడవలేదు. కర్రలా ముందుకు చాచి ఉంచారు. చల్లపల్లి దగ్గర ఊరు, పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. వయసు అడిగితే ‘ఉప్పెన నాటికి నాకు ఇరవై ఏళ్లు బాబూ’ అన్నారు. దివిసీమ పెద్దవాళ్లలో చాలామంది ఇప్పటికీ 1977 నవంబరు 19 నుంచే లెక్క వేస్తారు.

ఆవిడకు మోకాలి మార్పిడి జరిగి నాలుగు నెలలైంది. కుట్టు చక్కగా మానింది. ఎక్స్‌రేలో ఇంప్లాంటు ఉండాల్సిన చోటే ఉంది. పాత నొప్పి పోయింది. కానీ మోకాలు 60 డిగ్రీలకు మించి వంగడం లేదు. బస్సు మెట్టు ఎక్కలేరు. కమోడ్ మీద నుంచి లేవాలంటే ఒకరు పట్టుకోవాలి. ‘ఎవరి తప్పూ లేదు బాబూ. నొప్పి అంటే చాలు, మా కోడలు కదలనిచ్చేది కాదు. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి, మీరు పడుకోండి అత్తయ్యా, అన్నీ నేను తెచ్చిపెడతాను అనేది’ అన్నారు. పక్కనే నిలబడ్డ కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ అమ్మాయి చేసింది సేవే, సందేహం లేదు. అలా చేయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

నేను ఎముకల డాక్టరును కాను, జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. ఆపరేషన్‌కు ముందు షుగరు, బీపీ, గుండె పరీక్షించి సరేననే పని నాది. కొన్నాళ్లకు అదే మనిషి షుగరు మందుల కోసం మళ్లీ వస్తే, నడక ఎలా ఉందో నాకు కనిపిస్తుంది. ఒకే రకం ఆపరేషన్ జరిగిన ఇద్దరిలో ఒకరు చేతికర్ర కూడా లేకుండా వస్తారు, ఇంకొకరు కాలు ఈడ్చుకుంటూ వస్తారు. కారణాలు చాలా ఉండొచ్చు. కానీ అడిగితే తరచూ బయటపడేది ఒకటే. మొదటి ఆరు వారాలు ఇంట్లో ఏం జరిగిందన్నది.

ఎందుకు బిగుసుకుంటుంది?

మోకాలి మార్పిడి అంటే కీలు మొత్తం తీసి కొత్తది పెట్టడం కాదు. అరిగిపోయిన ఎముక చివర్లను పలచగా చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క అమరుస్తారు. దానికోసం చర్మాన్ని, కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొరను కోయాలి. కోసిన చోటల్లా శరీరం కొత్త కణజాలంతో అతుకులు వేసుకుంటూ వస్తుంది. గాయం మానడం అంటే అదే.

ఆ అతుకు మొదట్లో మెత్తగా, సాగేలా ఉంటుంది. రోజూ కదిలిస్తే ఆ కదలికకు తగ్గట్టే రూపు దిద్దుకుంటుంది. కదలకుండా ఉంచితే పొట్టిగా, గట్టిగా మారి మోకాలి చిప్పను, తొడ కండరాన్ని కింది పొరలకు అంటించేస్తుంది.

డెల్టాలో వ్యవసాయం తెలిసిన ఇళ్లకు ‘పదును’ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వాన పడ్డాక నల్లరేగడి కొన్నాళ్లు దున్నడానికి అనువుగా ఉంటుంది. ఆ పదును దాటి నేల ఎండిందా, నాగలి దిగదు. మోకాలి చుట్టూ మానుతున్న కండకూ అలాంటి పదునుంది. మొదటి ఆరు వారాలు చాలా ముఖ్యం. పన్నెండు వారాల దాకా ఇంకా బాగానే మాట వింటుంది. ఆ తర్వాత కూడా ఏడాది దాకా కొద్దికొద్దిగా మెరుగుపడుతుంది గానీ, ఒక్కో డిగ్రీకీ పడాల్సిన కష్టం పెరుగుతుంది.

ఎంత వంగితే ఏ పని?

చదునైన నేల మీద నడవడానికి మోకాలు సుమారు 65 నుంచి 70 డిగ్రీలు వంగాలి. మెట్లు ఎక్కడానికి 85 దాకా, దిగడానికి 90 నుంచి 100 దాకా కావాలి. మామూలు ఎత్తు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవాలంటే 95 నుంచి 105. తక్కువ ఎత్తు సోఫా అయితే 110 వరకు. మార్పిడి తర్వాత చాలామంది 110 నుంచి 120 దాకా రాగలరు. రోజువారీ జీవితానికి అది చాలు.

గొంతుకు కూర్చోవడానికి, బాసింపట్టు వేయడానికి 130 పైనే కావాలి. అందుకే ఇండియన్ టాయిలెట్, కింద కూర్చుని కూరలు తరగడం, పూజలో గంటసేపు నేల మీద కూర్చోవడం మానుకోమని సర్జన్లు సాధారణంగా చెబుతారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మోపిదేవిలో మొక్కు తీర్చుకోవడానికి నడిచి వెళ్లగలిగితే చాలు, నేల మీద కూర్చోలేకపోతే స్వామికేం కోపం రాదు.

వంగడం ఎంత ముఖ్యమో, పూర్తిగా చాచగలగడం అంతకన్నా ముఖ్యం. మోకాలు పది డిగ్రీలు వంగి ఉండిపోయినా కుంటు వస్తుంది, తొడ కండరం త్వరగా అలసిపోతుంది, నడుము పట్టేస్తుంది. మోకాలి కింద దిండు చేసే హాని ఇదే. పడుకున్నప్పుడు హాయిగా ఉంటుంది గానీ, మోకాలు ఆ వంపులోనే ఉండిపోవడం నేర్చుకుంటుంది.

సెలవు మూడు వారాలు, పని మూడు నెలలు

ఈ మధ్య మన ఇళ్లలో ఆపరేషన్ తేదీని పంచాంగం కంటే విమానం టికెట్టే ఎక్కువగా నిర్ణయిస్తోంది. అబ్బాయికి అమెరికాలోనో, అమ్మాయికి బెంగళూరులోనో మూడు వారాల సెలవు దొరుకుతుంది. మొదటి వారం పరీక్షలు, రెండో వారం ఆపరేషన్, మూడో వారం కుట్లు తీయించడం. వాకర్ కొంటారు, కమోడ్ కుర్చీ కొంటారు, వంటకు ఒక మనిషిని, రాత్రి తోడుకు ఇంకో మనిషిని పెట్టి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతారు. అసలు పని మొదలయ్యేది అప్పుడే. దానికి మాత్రం ఎవరినీ పెట్టి ఉండరు.

ఆపరేషన్ ఎక్కువగా విజయవాడలోనో, గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో జరుగుతుంది. బందరు నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. నాగాయలంక, కోడూరు వాళ్లకు ఇంకా దూరం. కుట్లు తీసినప్పుడు ఫిజియోథెరపిస్టు నాలుగు వ్యాయామాలు చూపించి ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం ఎక్స్‌రే కవరులోకి వెళ్తుంది. ఆ కవరు బీరువా మీదకు వెళ్తుంది.

కాబట్టి పిల్లలకు నా మొదటి మనవి. సెలవు ఎన్ని రోజులని కాకుండా, ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు పక్కన ఎవరుంటారని అడగండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులు వేసుకోండి. మూడు వారాలే కుదిరితే ఆపరేషన్ రోజుకు కాదు, ఇంటికి వచ్చాక ఉండేలా చూసుకోండి. అదీ కాకపోతే రోజూ ఒక సమయానికి వీడియో కాల్ పెట్టి, ఎదురుగా అమ్మ చేత వ్యాయామం చేయించండి. ‘ఎలా ఉన్నావమ్మా’ అని అడిగితే ‘బాగానే ఉన్నాను నాన్నా’ అంటుంది. ‘మడమ ఎక్కడిదాకా వచ్చింది, చూపించు’ అని అడగండి.

ఇంట్లో చేయాల్సింది

మీ సర్జన్, ఫిజియోథెరపిస్టు చెప్పిందే మీకు ప్రమాణం. మామూలుగా వాళ్లు చెప్పేవాటిలో ఇంట్లోవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినవి ఇవి.

మడమ జార్చడం: మంచం మీద వెల్లకిలా పడుకుని మడమను పిరుదుల వైపు మెల్లగా జార్చాలి. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేస్తే సులువుగా జారుతుంది. ఇక చాలు అనిపించిన చోట అయిదు సెకన్లు ఆపి, మళ్లీ చాచాలి.

కుర్చీ వ్యాయామం: గట్టి కుర్చీలో కూర్చుని పాదాన్ని కుర్చీ కిందికి వెనక్కి లాగాలి. బాగున్న కాలిని ముందు నుంచి ఆనించి కాస్త తోయొచ్చు. కుర్చీ జారకుండా గోడకు ఆనించండి.

చాచడం: మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనుక భాగం మంచానికి తగిలేలా తొడ కండరాన్ని బిగించాలి. తువ్వాలు మడమ కిందే పెట్టాలి, మోకాలి కింద కాదు.

పాదాలు ఆడించడం: మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాలను పైకి కిందికి ఆడించాలి. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఇది సాయపడుతుంది. సర్జన్ రాసిన రక్తం పలుచబడే మందును మధ్యలో ఆపకండి.

రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు చేయాలి. ఒకేసారి గంట చేసి మిగతా రోజంతా పడుకోవడం కంటే ఇదే మంచిది.

కొలత కూడా రాసుకోవాలి. గుడివాడ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఇంట్లో జరిగింది నాకు బాగా నచ్చింది. ఆయన భార్య రోజూ ఉదయం ఆయన్ను అదే కుర్చీలో కూర్చోబెట్టి, పాదం వెనక్కి ఎంతవరకు వెళ్లిందో అక్కడ నేల మీద ముగ్గు సుద్దతో గీత గీసేవారు. మర్నాడు ఆ గీత దాటాలి. దాటిన రోజు గోడ మీది క్యాలెండర్లో టిక్కు. ఆరో వారానికి ఆయన మోకాలు 110 డిగ్రీలు వంగింది. ఇంకో పద్ధతి, వారానికోసారి పక్క నుంచి ఫోన్లో ఫొటో తీసి ఫిజియోథెరపిస్టుకు పంపడం. దాన్ని చూసి డిగ్రీల్లో దాదాపుగా చెప్పగలరు.

కాలును తనే వంచే యంత్రాన్ని అద్దెకు తేవాలా అని కొందరు అడుగుతారు. ఆ యంత్రంపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ సమీక్షలో, దానివల్ల అదనంగా వచ్చేది రెండు డిగ్రీలకు అటూ ఇటూ అని తేలింది. అద్దె డబ్బును ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు ఇవ్వడం మేలు.

నొప్పి మాటేమిటి?

నొప్పి ఉంటుంది. ఉండదని చెప్పిన వాళ్లను నమ్మకండి. అయితే వ్యాయామం చేసేటప్పుడు లాగినట్టు వచ్చి, గంటలో సర్దుకునే నొప్పి ప్రమాదం కాదు. మర్నాటికి వాపు బాగా పెరిగితే మాత్రం ముందురోజు ఎక్కువ చేశారని అర్థం. కాస్త తగ్గించండి గానీ మానకండి. ఎవరో వచ్చి కాలు పట్టుకుని బలవంతంగా విరిచినట్టు వంచడం వద్దు. దాంతో వాపు పెరిగి ఉన్న వంపు కూడా పోతుంది.

నొప్పి మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావు గంటకు వ్యాయామం మొదలుపెట్టండి. నొప్పికి భయపడి కదలకుండా ఉండే కన్నా, మాత్ర వేసుకుని కదలడమే నయం. కానీ ఏ మాత్ర అన్నది డాక్టరే చెప్పాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు వారాల తరబడి వాడి కిడ్నీలు పాడుచేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

వ్యాయామం తర్వాత ఐస్‌ను గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. వాపు తగ్గడానికి పడుకుని మడమ కింద దిండు పెట్టి కాలు ఎత్తులో ఉంచండి. గాయం పూర్తిగా మానేవరకు వేడి నూనె మర్దనలు, ఆకు కట్లు, పసర్లు దగ్గరికి రానివ్వకండి. కుట్టు దగ్గర చీము పడితే ఆ ఇన్‌ఫెక్షన్ లోపలి లోహం దాకా పాకుతుంది. ఇంప్లాంటునే తీసేయాల్సి రావచ్చు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

కుట్లు తీసే రెండో వారానికి మోకాలు 90 డిగ్రీల దరిదాపుల్లోకి రావడం మంచి గుర్తు. కొందరికి కాస్త ఆలస్యం కావచ్చు. ఆరు వారాలు దాటినా 90 రాకపోతే మాత్రం ‘నెమ్మదిగా అదే వస్తుందిలే’ అనుకోకండి, వెంటనే సర్జన్‌ను కలవండి. మత్తు ఇచ్చి, లోపలి అతుకులు విడిపోయేలా మోకాలిని వంచే చికిత్స ఒకటుంది. అది సాధారణంగా మొదటి పన్నెండు వారాల్లోపు చేస్తేనే బాగా పనిచేస్తుంది. తర్వాత మిగిలేవి ఇంకా పెద్ద దారులు.

పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, గుండెలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. జ్వరం, కుట్టు ఎర్రబడటం, కారడం, బాగా వంగుతున్న మోకాలు హఠాత్తుగా వంగకపోవడం, ఇవి సర్జన్‌కు వెంటనే చెప్పాల్సినవి.

సగం పని ఆపరేషన్‌కు ముందే

ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందన్నది, ముందు ఎంత వంగేదన్న దాని మీదే అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడుతుంది. అందువల్ల మోకాలు పూర్తిగా బిగుసుకుపోయేదాకా వాయిదా వేయడం మంచిది కాదు. అలాగని కాస్త నొప్పి రాగానే పరుగెత్తడమూ కాదు. బరువు తగ్గడం, వ్యాయామం, మందులతో నెట్టుకురాగలిగిన వాళ్లకు ఆపరేషన్ అక్కర్లేదు. అది తప్పదని తేలితే, ఆ నెల రోజులు ముందు నుంచే తొడ కండరాల వ్యాయామం మొదలుపెట్టండి. తర్వాత చేయాల్సినవి నొప్పి లేనప్పుడే నేర్చుకోండి.

షుగరు ఉన్నవాళ్లు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని అదుపులోకి తెచ్చుకోవాలి. షుగరు ఎక్కువగా ఉంటే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది, మోకాలు బిగుసుకునే అవకాశమూ ఎక్కువే. చూడటానికి వచ్చే చుట్టాలు బందరు లడ్డూ పొట్లం కాకుండా ఇంకేదైనా తెస్తే సంతోషం.

అడగాల్సిన వాళ్లను అడుగుదాం

2000 అక్టోబరులో నాటి ప్రధాని వాజ్‌పేయికి ముంబయిలో ఎడమ మోకాలి మార్పిడి జరిగింది. 2001 జూన్‌లో కుడి మోకాలికి చేశారు. ఆ వార్తలతో మన దేశంలో ఎన్నో ఇళ్లకు ఈ ఆపరేషన్ గురించి తెలిసింది. చేసిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్, న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్‌తో కలిసి 1974లో వచ్చిన టోటల్ కాండైలర్ మోకాలి రూపకల్పనలో పాలుపంచుకున్నవారు. ఇప్పటి ఇంప్లాంట్లకు అదే మూలం. యాభై ఏళ్లలో లోహం మెరుగైంది, కోత మెరుగైంది. కానీ తనంతట తానే వంగే ఇంప్లాంటు ఇంకా రాలేదు.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలని, జీఎస్‌టీ అదనమని ప్రకటించింది. అది మంచి పని. ఆ తర్వాత చాలా కుటుంబాలు ఇంప్లాంటు ధరను రూపాయితో సహా అడుగుతున్నాయి. తర్వాతి ఆరు వారాల ఫిజియోథెరపీ ఈ ప్యాకేజీలో ఉందా, మా ఊళ్లో ఎవరు చేస్తారు అని మాత్రం అడగడం లేదు. ఆసుపత్రులూ తమంతట తాము చెప్పడం లేదు. డిశ్చార్జి కాగితంలో మందుల పక్కనే ఏ వారానికి ఎంత వంగాలో, రాకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసి ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

ప్రభుత్వ వైపు నుంచీ చేయగలిగింది ఉంది. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలోనే సామాజిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో పునరావాస సేవలు, కదలలేని వాళ్లను ఇంటికే వెళ్లి చూడటం అన్న ఆలోచన ఉంది. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. గుడివాడ, అవనిగడ్డ లాంటి చోట్ల వారానికి రెండు రోజులు ఒక ఫిజియోథెరపిస్టు కూర్చుని, ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లనైనా చూస్తే, డెల్టా పెద్దవాళ్లు డెబ్బై కిలోమీటర్లు కాలు ముడుచుకోలేక కారులో వాలి ప్రయాణం చేయనక్కర్లేదు. గ్రామ స్థాయి సిబ్బందికి మోకాలి వంపు కొలవడం నేర్పడానికి ఒక్క పూట చాలు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రోగి ఇంట్లో తనంతట తాను చేసుకునేలా సరిగా నేర్పండి, వెనకబడుతున్న వాళ్లను మాత్రం దగ్గరుండి చూడండి అనే చెబుతున్నాయి. వెనకబడుతున్నది ఎవరో మన దగ్గర ఎవరూ చూడకపోవడమే లోటు.

ఇక మన పంతులమ్మగారి సంగతి. సర్జన్ దగ్గరికి తిరిగి పంపాను. మత్తులో వంచే సమయం దాటిపోయిందని చెప్పి, గట్టిగా ఫిజియోథెరపీ చేయించమన్నారు. కోడలే దగ్గరుండి చేయిస్తోంది. రెండు నెలలకు 60 కాస్తా 80 అయింది. ఇంట్లో కాస్త తేలిగ్గా తిరుగుతున్నారు. బస్సు మెట్టు ఇంకా ఎక్కలేరు, ఎక్కుతారని నేను మాటివ్వలేను. కిందటిసారి వచ్చినప్పుడు ఆ కోడలు ఒకటి చెప్పింది. వచ్చే నెల వాళ్లమ్మకు మోకాలి ఆపరేషనట. ‘ఈసారి దిండు మడమ కిందే పెడతానండీ. ఆరు వారాలు నేను పుట్టింట్లోనే ఉంటాను, అత్తయ్యగారే వెళ్లమన్నారు’ అంది.